తెరకు వీపు పెట్టి సినిమా చూసిన మనిషి

ఇవాళ పొద్దున మా గల్లీలోకి పాత ఇనుము కొనే ఆటో వచ్చింది. మాట మొదలు కాకముందే మైకులోంచి కీచుమని ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకి చాయ్ కప్పు నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. గొంతు దానంతటదే సవరించుకుంది. పద్నాలుగేళ్ల పాటు బాన్సువాడ టాకీసు తరఫున ఆటోలో ఊరూరూ తిరిగి సినిమాల పేర్లు అరిచిన గొంతు అది, దానికి ఇంకా ఉద్యోగం పోయిన సంగతి తెలియదు. నా పేరు మల్లేశం. ఊళ్లో మాత్రం మైకేశం అనేవాళ్లు. ఆ పేరు నాకు నచ్చేది కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కానీ మైకు కీచుమంటే ఇప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఏ హీరో పేరూ కాదు, మా టాకీసులో ఆడవాళ్ల టికెట్ కిటికీ వెనక కూర్చునే గంగామణక్క. ఆమె వెనకే కోపం వస్తుంది. అక్క పోయి మూడేళ్లయింది. కోపం మాత్రం దుక్కలా ఉంది.

టాకీసు అంటే మాట్లాడేది అని అర్థమట. మా టాకీసులో నిజంగా మాట్లాడేది గంగామణక్క ఒక్కతే, మిగిలిన మేమంతా అరిచేవాళ్లం. నలభై దాటిన మనిషి, ముతక చీర, చెవి వెనక ఎప్పుడూ ఒక బలపం ముక్క. ఆమె కూతురు బడి మానేశాక ఇంట్లో మిగిలిన పలకను తెచ్చి కిటికీ పక్కన మేకుకు తగిలించింది. దాని మీద ప్రతి శుక్రవారం కొత్త సినిమా గురించి నాలుగు ముక్కలు రాసేది. సెన్సారు వాళ్లు సినిమాకి యు అని, ఏ అని అక్షరాలు ఇస్తారు కదా. యు అంటే ఊరంతా రావచ్చని, ఏ అంటే 'ఏయ్, నువ్వు కాదు' అని నేను పిల్లలకు చెప్పి నవ్వించేవాణ్ణి. అక్క పలక మీద అక్షరాలకు బదులు దెబ్బలుండేవి.

అది ఎట్లా మొదలైందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే తప్పు నాది. ఒక వారం యు సర్టిఫికెట్ సినిమా వచ్చింది. 'ఇంటిల్లిపాదికీ నవ్వుల జల్లు' అని నేను నిజాంసాగర్ కాలువ వెంబడి ఊళ్లన్నీ తిరిగి ఊదరగొట్టాను. ఆ మాట నమ్మి ఒక రైతు తన భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. అంతకుముందు వానాకాలంలోనే వాళ్ల కొడుకు కాలువలో పడి చనిపోయాడు. ఇల్లు కాస్త తేరుకుంటుందని తీసుకొచ్చాడట. ఇంటర్వెల్ తర్వాత సినిమాలో ఒక పిల్లవాడు చెరువులో మునిగిపోతాడు. ఆ తల్లి హాల్లో చేసిన చప్పుడు నేను గేటు దగ్గర విన్నాను. ఇద్దరూ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. గంగామణక్క నీళ్లు తెచ్చి ఇచ్చింది, వాళ్లు తాగేదాకా పక్కనే నిలబడింది, వాళ్లను బస్సెక్కించి నా దగ్గరికి వచ్చింది.

"నవ్వుల జల్లు అన్నవ్ గదా తమ్మీ. గా నీళ్లల్ల పిల్లగాడు పోతడని ఎందుకు చెప్పలే?"

"కథ ముందే చెప్తే ఎవరొస్తరక్కా?"

"కథ నిన్నెవరు చెప్పుమన్నరు? దెబ్బ ఏడ తగుల్తదో చెప్పు, సాలు."

"యు ఇచ్చిండ్రక్కా సర్కారోళ్లు. అందరు సూడచ్చని."

"వాళ్లు సినిమాను జూసిండ్రు. సినిమా జూసేటోళ్లను జూసిండ్రా?"

మరునాడు పలక వేలాడింది. 'సగం అయినంక పిల్లగాడు నీళ్లల్ల పోతడు. అసుంటి బాధ ఉన్న ఇండ్లోల్లు ఇంటర్వెల్‌కు లేవుండ్రి.' అంతే రాసింది. అటు తర్వాత ఆడవాళ్లు పోస్టర్ కంటే ముందు పలక చూడటం మొదలుపెట్టారు. పలక పలికితే పోస్టర్ వెలవెలబోయేది. ఫైట్లలో చెవులు గుయ్యిమంటాయి, చంటిపిల్లలున్నవాళ్లు వెనక కూర్చోండని రాసేది. లైట్లు చకచకా కొట్టే పాట ఉంటే మూర్ఛ వచ్చే పిల్లల్ని ఆ పాటకు బయటికి తీసుకుపొమ్మని రాసేది. కిటికీలోంచి ఒక్కోసారి అడిగేది కూడా, 'ఎన్నో నెల బిడ్డా?' అని. నెల చెప్పాకే టికెట్ ఇచ్చేది, లేదా ఇచ్చేది కాదు. మేనేజరు మొదట్లో గొణిగాడు గానీ ఆడవాళ్లు నమ్మకంగా రావటం మొదలయ్యేసరికి ఊరుకున్నాడు.

ఆమె పని చేసే తీరు మాత్రం నేను మరెక్కడా చూడలేదు. శుక్రవారం మొదటి ఆట మొదలయ్యాక కిటికీ మూసేసి, తెర పక్కనున్న తలుపులోంచి హాల్లోకి వెళ్లి, తెరకు వీపు పెట్టి నిలబడేది. మూడు గంటలూ జనాన్నే చూసేది. వెలుగు పడినప్పుడల్లా మొహాలు కనబడతాయి కదా, ఆ మొహాల్లో ఎవరు తల తిప్పుకున్నారు, ఎవరు పక్కవాడి తొడ మీద చరిచారు, ఎక్కడ ఈల పడింది, అన్నీ గుర్తు పెట్టుకునేది. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను.

"సినిమా అటు నడుస్తుంటే ఇటు జూస్తవేందక్కా?"

"సినిమా అటే నడుస్తది. పని ఇటు జరుగుతది."

అందుకే ఆమె పలక మీద తెర మీద జరిగిందే కాకుండా హాల్లో జరిగింది కూడా ఉండేది. ఒక సినిమా గురించి, 'మొగుడు పెండ్లాన్ని కొడ్తడు. కొట్టినప్పుడు చప్పట్లు వడ్డయ్' అని రాసింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకాయన, ఊళ్లో కాస్త పేరున్న మనిషి, కిటికీ దగ్గరికి వచ్చి గట్టిగా అడిగాడు.

"చప్పట్లు గూడ రాస్తవా నువ్వు?"

"కొట్టేటప్పుడు లేని సిగ్గు రాస్తే అచ్చిందా పటేలా?" అంది అక్క, చిల్లర చేతిలో పెడుతూ.

ఇక ఆ సినిమా సంగతి. పేరు రాయను, రాస్తే దానికి నేను మళ్లీ ప్రచారం చేసినట్టవుతుంది, ఒకసారి చేసింది చాలు. కథానాయకుడు ఒక పిల్ల వెంట పడతాడు. ఆమె వద్దంటుంది. ఇంకా వెంటపడతాడు. బస్సులో, గుళ్లో, వాళ్ల ఇంటి ముందు. చివరికి ఆమెకు అతని మీద ప్రేమ పుడుతుంది. సర్టిఫికెట్ యు. నేను ప్రాస కోసం ప్రాణం పెట్టేవాణ్ణి, ఆ ప్రాస ఎవరి ప్రాణానికి వస్తుందో చూసేవాణ్ణి కాదు. రెండు సిగరెట్లు కాల్చి ఒక నినాదం కట్టాను. 'వద్దంటే వదలడు, వెంటపడటమే వీడి వలపు.' మేనేజరు భుజం తట్టాడు. వర్ని దాకా, అక్కడ కోస్తా రైతులు కట్టుకున్న క్యాంపు ఊళ్ల దాకా, చెరుకు బండ్ల మధ్య నుంచి, కోతకొచ్చిన వరి మడుల మధ్య నుంచి రెండు వారాలు అదే అరిచాను. గొంతు బొంగురుపోతే చాయ్‌లో మిరియాలు వేయించుకొని మరీ అరిచాను.

అక్క పలక మీద రాసింది ఇది. 'పిల్ల నాలుగుసార్లు వద్దంటది. నాలుగుసార్లు ఈలలు వడ్డయ్. ఇది జూసినంక ఇంట్ల పిల్లలతోని మాట్లాడుండ్రి.' రాసి నన్ను పిలిచి, "నీ నోట్లె ఉన్నది నాలుకనా, స్పీకరా?" అంది. నేను నవ్వాను. మంచి మాట అన్నదని మెచ్చుకున్నాను కూడా. నా తెలివి అంతటితో ఆగింది.

టాకీసు ఎదురుగానే వర్ని వైపు పోయే బస్సులు ఆగేవి. సాయంత్రం జూనియర్ కాలేజీ వదిలాక పిల్లలు మా టాకీసు రేకుల నీడలోనే బస్సు కోసం నిలబడేవాళ్లు. వాళ్లలో శిరీష ఒకతి. వర్ని దగ్గర క్యాంపులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడేళ్లు. కిటికీ దగ్గర అక్కతో కబుర్లు చెప్పేది. "అక్కా, ఈ వారం పలకలో తప్పులు రెండే ఉన్నాయి" అని ఆటపట్టించేది. "తప్పులు సినిమాల ఉన్నయ్ బిడ్డా, పలకల లెవ్వు" అనేది అక్క. సినిమా వచ్చిన నాలుగో రోజుకే బస్టాండు కుర్రాళ్లు ఆ పిల్లను చూసి 'వద్దంటే వదలం' అనటం మొదలుపెట్టారు. అది నా వాక్యం. నా ప్రాస. ఎవరో రాసింది వాళ్లు అంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. వాళ్లలో ఒకడు బండేసుకొని బస్సు వెనకాలే క్యాంపు దాకా పోయి వచ్చేవాడు. మిగిలినవాళ్లు వాడికి హీరో పేరు పెట్టారు.

రెండో ఆదివారం మ్యాట్నీకి శిరీష తండ్రి వెంకటేశ్వరరావు గారు భార్యను, కూతురిని తీసుకొని టాకీసుకు వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎవరినైనా మీరు అనే మనిషి. ఆడవాళ్ల కిటికీ దగ్గర నిలబడి పలక రెండుసార్లు చదివాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చొని మైకు వైరుకు టేపు చుడుతున్నాను.

"ఇదెందుకు రాశారమ్మా? ఇలాంటివి ఇక్కడ జరుగుతున్నాయా?"

అక్క అతని వెనకున్న శిరీషను చూసింది. ఆ పిల్ల చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను చూశాను. అక్క కూడా చూసింది. కానీ దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పటం ఆమెకు అలవాటైపోయింది.

"జరుగుతున్నయ్ సార్. మీ బిడ్డ ఎంబడి గూడ ఒకడు బండి మీద వస్తుండు. వాని సంగతి జర జూడుండ్రి."

వాడి సంగతి అంది అక్క. ఆయన కూతురి సంగతి చూశాడు. టికెట్లు కొనకుండానే ముగ్గురూ వెనుదిరిగారు. సోమవారం శిరీష బస్సు దిగలేదు. మంగళవారం దిగలేదు. బుధవారం ఆమె తోటి పిల్ల చెప్పింది, కాలేజీ మాన్పించేశారని.

గంగామణక్క కోపాన్ని ఆ రోజు చూశాను. ఆమె అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కిటికీలోనే కూర్చొని చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత నన్ను పిలిచింది.

"తప్పు కిటికీకి కట్టిన తమ్మీ."

"ఏందక్కా?"

"పలకను. గీడ సదివేది ఎవరు? ఆడోళ్లు, ఆడపిల్లల నాయినలు. వాళ్లకు భయం వెట్టిన. భయం వెట్టాల్సినోళ్లు అటు మొగోళ్ల కిటికీల లైన్ల నిలవడ్డరు. వాళ్లకు నేనేం చెప్పిన? ఏం చెప్పలే. నువ్వు చెప్పినవ్."

లేచి పలకను మేకుతో సహా పీకి, మగవాళ్ల కిటికీ పక్కన కొట్టింది. బలపం విరిగేలా రాసింది. 'పిల్ల వద్దంటే వద్దనే. మీరు ఈలలు ఏసిండ్రు. మీ ఈలలకు ఒక పిల్ల సదువు ఆగింది. టికెట్ తీసుకునేటోడు ఇది సదివి తీసుకోవాలె.' మొదటి ఆటకు నవ్వారు. రెండో ఆటకు ఒకడు ఉమ్మి పెట్టి తుడిచాడు. ఆమె మళ్లీ రాసింది. సాయంత్రం ఆటకు ఎవడో పలకను పీకి రోడ్డు మీదికి విసిరేశాడు. బస్సు దాని మీదుగా పోయింది. మేనేజరు బయటికి వచ్చాడు, పలక విసిరినవాణ్ణి ఏమీ అనలేదు.

"టికెట్లు అమ్ముమంటే పంచాది వెడ్తవా గంగామణీ? జనం రాకుంటే నువ్వొస్తవా సినిమాకు?"

"అమ్మింది నేనే గద సార్. అందుకే అడుగుతున్న."

"రేపటి సంది రాకు."

ఆమె నేరుగా నా ఆటో దగ్గరికి వచ్చింది. "పలక పోతే పోయింది. నీకు మైకున్నది గదా. గా నాలుగు ముక్కలు ఒక్కసారి సదువు. గీడనే, గిప్పుడే." కుర్రాళ్లు చూస్తున్నారు. మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. మైకు నా చేతిలో ఉంది, ఆన్ అయి కూడా ఉంది. నేను అన్న మాట ఇది: "అక్కా, నా నౌకరి గూడ పోతది." ఆమె ఒక్క క్షణం నా మొహం వంక చూసింది, హాల్లో జనాన్ని చూసినట్టే. "సరే తియ్యి" అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా నేను నాలుగు ఊళ్లు తిరిగి నా వలపు నినాదం చెప్పి వచ్చాను. నోరు కిరాయికి ఇచ్చినవాడికి నాలుక మీద హక్కు ఉండదని నాకు నేనే ఒక సామెతలాంటిది కట్టుకొని పడుకున్నాను. ప్రాసగాడికి సాకులకు కొదవా.

మరునాడు అక్కను శిరీష వాళ్ల క్యాంపుకు నా ఆటోలోనే తీసుకుపోయాను. అది నా ప్రాయశ్చిత్తం అనుకున్నాను. పైన మైకు నోరు మూసుకొని ఉంది, దాని కింద నేనూ అంతే. వెంకటేశ్వరరావు గారు వాకిట్లో కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించాడు. అక్క కాఫీ ముట్టలేదు.

"పోరగాండ్లకు చెప్పాల్సింది మీకు చెప్పిన సార్. తప్పు నాది. నా తప్పుకు మీ బిడ్డను ఇంట్ల కూసోవెడ్తే ఎట్ల?"

"మీరు మంచే చెప్పారమ్మా. చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. మీకు రుణపడి ఉంటాం."

"గట్లనకుండ్రి సార్. కాలేజికి పంపుండ్రి. ఇంకో నాలుగు నెలలే. నా నౌకరి పోయింది, నాకు పనేం లేదు. పొద్దున బస్సుల నేనే వస్త, మాపటికి నేనే దించి పోత."

"మీరు వస్తారు. వాడు రాకుండా ఉంటాడా?"

తలుపు దగ్గర నుంచి శిరీష అంది, "నాన్నా, వాడు నన్నేమీ చేయలేదు. వెనకాల వచ్చాడంతే."

"అదే నేనూ చెప్పేది. ఏమీ చేయకముందే ఆపుకున్నాం" అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు, ప్రేమే ఉంది. అది వినలేకపోయాను. అక్క లేచి శిరీష దగ్గరికి వెళ్లి నిలబడింది. "నువ్వు తల ఊపినవ్ బిడ్డా. నేను జూసిన. జూసి గూడ చెప్పిన" అంది. శిరీష లోపలికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు వర్ని దాటాక అక్క రోడ్డు వంకే చూస్తూ అంది: "పిల్లను దాచిండ్రు. పోరడు బండి మీద తిరుగుతుండు. ఎవనికి వెట్టాలె గా సెన్సారు గుర్తు, సినిమాకా?"

ఆ పిల్ల మళ్లీ కాలేజీకి రాలేదు. అక్క మళ్లీ టాకీసుకు రాలేదు. హాస్టల్లో వంటపనికి కుదిరింది. కానీ ఆ ఏడాది పరీక్షలయ్యేదాకా రోజూ సాయంత్రం కాలేజీ వదిలే వేళకు వచ్చి బస్సులు ఆగే చోట నిలబడేది. బస్సుకు వీపు పెట్టి, కుర్రాళ్ల వైపు తిరిగి. ఏమీ అనేది కాదు, ఊరికే చూసేది. బండివాడు రెండు రోజులు నవ్వాడు, మూడో రోజు వేరే చోటు వెతుక్కున్నాడు. ఎవరైనా అడిగితే, "మంచి సినిమా నడుస్తుంది, జూస్తున్న" అనేది. నేను ఆటోలోంచి చూసి పక్క గల్లీలోంచి పోయేవాణ్ణి.

టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. నాకు మా మేనల్లుడు ఒక పని ఇప్పించాడు. ఫోన్లో సినిమాలు చూపే ఒక కంపెనీకి, సినిమా మొదలయ్యే ముందు మూలన కనబడే హెచ్చరిక మాటలు తెలుగులో రాసే పని. అరిచేవాడికి హెచ్చరించే ఉద్యోగం. సినిమా చూసి, వాళ్లిచ్చిన ఫారంలో హింస, మద్యం, పొగాకు, బూతు, ప్రేమ సన్నివేశాలు అన్న గళ్లు నింపి, ఏ వయసు వాళ్లు చూడొచ్చో రాయాలి. నేను ఆ ఫారం కింద రెండు గళ్లు సొంతంగా గీసుకున్నాను. 'వద్దన్నాక వెంటపడటం', ఎన్నిసార్లు. 'ఇది చూసి వచ్చినవాడి దారిలో ఎవరుంటారు.' మొదటి గడిలో రాసిందల్లా తిరిగొచ్చేసరికి 'ప్రేమ సన్నివేశాలు' అయి కూర్చుంటుంది. రెండో గడి మాయమైపోతుంది. పోయిన నెల హైదరాబాద్ ఆఫీసు నుంచి నా పని సరిచూసే నిఖిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. మంచి పిల్ల, నన్ను అంకుల్ అంటుంది.

"అంకుల్, మీరు మళ్లీ ఎక్స్‌ట్రా గళ్లు పెట్టారు."

"పిల్ల వద్దంటుందమ్మా, ఆరుసార్లు. లెక్కపెట్టి రాశాను."

"అది రొమాన్స్ కిందికి వస్తుంది అంకుల్. హీరో హీరోయిన్లే కదా."

"ఆ పిల్లకు తను హీరోయిన్ అని తెలుసా?"

"నాకు అర్థమైంది అంకుల్. కానీ రెండో గడి ఎట్లా పెడతాం? రేటింగ్ అనేది చూసేవాళ్ల కోసం. వాళ్లకు ఎంత వయసు ఉండాలి అన్నదొక్కటే మన ప్రశ్న."

ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఆమెకు ఇచ్చిన ఫారం అంతే ఉంది. ఆ ఫారం గీసినవాళ్ల మీద, యు అని ముద్ర వేసినవాళ్ల మీద, నెమ్మదిగా మాట్లాడే తండ్రుల మీద, ప్రాసలు కట్టేవాళ్ల మీద మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. అక్క నాకు ఇచ్చి పోయింది అదొక్కటే. గళ్లు తీసేస్తే మళ్లీ గీసి పంపుతున్నాను. పని పోతుందని మేనల్లుడు అంటున్నాడు, పోనీ అన్నాను. నిఖితకు మాత్రం ఆ రోజు జవాబు చెప్పాను. మా ఊళ్లో శిరీష అని ఒక పిల్ల ఉండేదమ్మా, పదిహేడేళ్లు, ఇంటర్ రెండో ఏడు సగంలో ఆగిపోయింది అని.

"ఏ సినిమా చూసి అంకుల్?" అని అడిగింది.

ఆ పిల్ల సినిమా చూడనే లేదమ్మా అన్నాను.